కుదిరిన గ్రాఫును నమ్మకండి

సూప్రామాలిక్యులర్ పాలిమర్ల మీద పరిశోధనకు కొత్తగా చేరినవాళ్లకు ల్యాబ్‌లో మొదటి వారంలోనే కొన్ని సలహాలు అందుతాయి. ద్రావణిని బాగా ఆరబెట్టు, ఆ తర్వాత నీళ్ల సంగతి మరిచిపో. గాఢత ఒకటి పట్టుకుని దానికే కట్టుబడు. చల్లార్చేటప్పుడు తీసిన గ్రాఫు చాలు, మళ్లీ వేడిచేస్తూ తీయడం దండగ. రిపీట్ కాని రీడింగు పారెయ్. మోడల్‌లో పెట్టు, ఫిట్ అయితే రాసెయ్. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. పని త్వరగా తెమిలే మాట కూడా నిజమే.

ఇక్కడ నేనిచ్చే సలహాలు వాటికి సరిగ్గా ఎదురు. వినగానే తిక్కగా తోస్తాయి. గైడు దగ్గర అంటే ఆయన కోప్పడినా పడొచ్చు. అయినా ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఈ రంగంలో ఏటా అచ్చవుతున్న అంకెల్లో చాలావాటి మీద, వాటి వెనకున్న కొలతలు మోయగలిగినంత కన్నా ఎక్కువ బరువు మోపుతున్నారని నా నమ్మకం. ఆ అంకెల్ని ఆధారం చేసుకుని రేపు ఎవరో మందు మోసుకెళ్లే జెల్ తయారుచేయబోతారు. అందుకే ఈ పట్టుదల.

విషయం తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. మామూలు ప్లాస్టిక్‌లో అణువుల్ని కలిపి ఉంచేది సమయోజనీయ బంధం. కార్బన్‌కీ కార్బన్‌కీ మధ్య దాని బలం మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు. ఒకసారి పడితే ఇక ఊడదు. సూప్రామాలిక్యులర్ పాలిమర్‌లో అణువులు హైడ్రోజన్ బంధాలతోనో, బల్లపరుపు వలయాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకోవడం వల్లనో కలిసి ఉంటాయి. పడుతూ ఊడుతూ ఉండే బంధాలివి. 1990లో స్ట్రాస్‌బర్గ్‌లో జాన్-మారీ లేన్ బృందం మూడు హైడ్రోజన్ బంధాల జతలతో ఇలాంటి గొలుసును చూపింది. 1997లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి సైబెస్మా, మైయర్ బృందం నాలుగు హైడ్రోజన్ బంధాలతో జతకట్టే యురిడోపిరిమిడినోన్‌ను తెచ్చింది. క్లోరోఫామ్‌లో ఆ జత స్థిరాంకం సుమారు 6 కోట్లు. శక్తిలో చెప్పాలంటే మోల్‌కు 44 కిలోజౌళ్లు. కార్బన్ బంధం ముందు అది చిన్నదే, అయినా మామూలు పాలిమర్‌లా ప్రవర్తించే పొడవైన గొలుసు రావడానికి సరిపోయింది.

బంధం ఎప్పుడైనా ఊడగలదు కాబట్టి గొలుసు ఎంత పొడవుండాలో తేల్చేది తయారీదారు కాదు, ఉష్ణోగ్రత, గాఢత, ద్రావణి. వాటి తీర్పును ముందుగా లెక్కకట్టడమే థర్మోడైనమిక్ మోడలింగ్. మోడళ్లు ప్రధానంగా రెండు. మొదటిది ఐసోడెస్మిక్. మొదటి అణువుకు రెండోది ఎంత గట్టిగా అతుక్కుంటుందో, గొలుసు చివర వెయ్యోదీ అంతే గట్టిగా అతుక్కుంటుంది. ప్రతి మెట్టుకూ ఒకే స్థిరాంకం. రెండోది కోఆపరేటివ్. పెళ్లి పంక్తిలో మొదటి నలుగురూ కూర్చునేదాకా అందరూ నిలబడే ఉంటారు, వాళ్లు కూర్చున్నాక వరస ఇట్టే నిండిపోతుంది. కోఆపరేటివ్ వ్యవస్థలో అణువులూ అంతే. మొదట బీజం పడటం కష్టం, పడ్డాక సాగడం సులువు. జపాన్‌లోని నగోయాలో ఫుమియో ఊసావా, కసాయ్ కలిసి కండరాల్లోని యాక్టిన్ ప్రొటీన్ కోసం 1962లోనే ఈ లెక్క రాశారు. కృత్రిమ అణువుల మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ ఆస్తినే అనుభవిస్తున్నారు.

ఇక సలహాలు.

ఫిట్ కుదిరిన రోజే అనుమానం మొదలుపెట్టండి

అణువుల ద్రావణాన్ని వేడిచేసి, నిమిషానికో డిగ్రీ చొప్పున చల్లారుస్తూ యూవీలోనో సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం)లోనో రీడింగులు తీస్తారు. చుక్కలన్నీ ఒక వంపులో పడతాయి. కంప్యూటర్ ఆ వంపు మీద గీతను అచ్చు గుద్దినట్టు కూర్చోబెడుతుంది. ఆర్-స్క్వేర్ 0.999. ల్యాబ్‌లో అందరూ భుజం తడతారు. మీరు మాత్రం కుర్చీలోంచి లేవకండి.

ఫిట్‌లో ఎంథాల్పీ మోల్‌కు మైనస్ 60 కిలోజౌళ్లు, ఎంట్రోపీ కెల్విన్‌కు మైనస్ 100 జౌళ్లు వచ్చాయనుకుందాం. 300 కెల్విన్ దగ్గర ఫ్రీ ఎనర్జీ మైనస్ 30 కిలోజౌళ్లు. పక్క బల్ల మీది అమ్మాయికి అదే అణువుతో ఎంథాల్పీ మైనస్ 75, ఎంట్రోపీ మైనస్ 150 వచ్చాయి. లెక్క వేయండి, అక్కడా మైనస్ 30 కిలోజౌళ్లే. ఉష్ణోగ్రతను పది డిగ్రీలు పెంచినా ఇద్దరి ఫ్రీ ఎనర్జీల మధ్య తేడా అర కిలోజౌల్. స్థిరాంకంలో అది ఇరవై శాతం చిల్లర. బేస్‌లైన్ గీతను పైకో కిందికో ఒక వెంట్రుకవాసి జరిపితే ఆ ఇరవై శాతం అందులో కలిసిపోతుంది. ఎంథాల్పీలో పదిహేను కిలోజౌళ్ల తేడా ఉన్న రెండు కథలూ ఆ ఒక్క గ్రాఫులో ఇమిడిపోయాయి. రెండూ 0.999తోనే ఇమిడాయి.

ఒకే వంపు నుంచి ఎంథాల్పీనీ ఎంట్రోపీనీ కలిపి లాగితే అవి జంటగా కదులుతాయి. ఒకటి పెరిగితే రెండోది దాన్ని సర్దేస్తుంది. అందుకే ఫిట్‌ను గెలిపించడానికి ప్రయోగం చేయకండి, ఓడించడానికి చేయండి. మూడు గాఢతల డేటాను ఒకే ప్యారామీటర్లతో కలిపి ఫిట్ చేయండి. తర్వాత నాలుగో గాఢత ఎంచుకుని, అక్కడ పాలిమర్ ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలవ్వాలో మీ మోడల్‌నే అడగండి. వచ్చిన జవాబును తేదీ వేసి పెన్నుతో ల్యాబ్ నోట్‌బుక్‌లో రాయండి. పెన్సిల్ వద్దు. అప్పుడు కొలవండి. చెప్పిన చోటే వస్తే ఆ మోడల్ మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. రాకపోతే ఇంకా మంచిది, మీ అణువు మోడల్‌కు తెలియని పని ఏదో చేస్తోందన్నమాట.

కోఆపరేటివ్ వ్యవస్థలో దీనికి సులువైన దారి ఉంది. పాలిమర్ మొదలయ్యే ఉష్ణోగ్రత దగ్గర, సాగే దశ స్థిరాంకాన్ని మొత్తం గాఢతతో గుణిస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. కాబట్టి ఆ ఉష్ణోగ్రత వ్యుత్క్రమానికి ఎదురుగా గాఢత లాగరిథమ్ పెట్టి గీత గీస్తే వాలు నుంచి ఎంథాల్పీ నేరుగా వస్తుంది. దీనికి ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గ్రాఫు కాగితం చాలు. సాఫ్ట్‌వేర్ చెప్పిన ఎంథాల్పీ, కాగితం మీది ఎంథాల్పీ, కెలోరీమీటర్ కొలిచిన వేడి, మూడూ ఒక్క మాట మీద ఉన్నప్పుడే ఆ అంకెను థీసిస్‌లోకి రానివ్వండి.

నీటిలో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. నీటిని తప్పించుకుంటూ కలిసే అణువుల్లో ఎంథాల్పీ ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. అక్కడ ఆ గీత నిజానికి వంపు తిరగాలి. స్కేలు పెట్టి తిన్నగా గీసేసి, దాని వాలును ఎంథాల్పీ అనేస్తే అది ఏ ఉష్ణోగ్రతకూ చెందని అంకె అవుతుంది.

గొలుసు పొడవు గురించి యూవీ గ్రాఫును అడగకండి

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే జెల్ గట్టిదనం, స్నిగ్ధత, పోగు బలం అన్నీ పొడవు మీదే ఆధారపడతాయి, మోడల్ వేసేవాళ్లు పొడవును ఉచితంగా దొరికే వస్తువులా రాసేస్తుంటారు.

కోఆపరేటివ్ మోడల్‌లో సిగ్మా అనే ప్యారామీటర్ ఉంటుంది. బీజం పడే దశ స్థిరాంకాన్ని సాగే దశ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేది అదే. అది ఎంత చిన్నదైతే కోఆపరేటివిటీ అంత గట్టిది. రెండు అణువుల్ని తీసుకుందాం. ఒకదానికి సిగ్మా పదివేలలో ఒకవంతు, రెండోదానికి పది లక్షల్లో ఒకవంతు. రెండింటినీ కీలక గాఢతకు, అంటే గొలుసులు కట్టడం మొదలయ్యే గాఢతకు, పదిరెట్ల దగ్గర పెడదాం. మొదటిదానిలో 90.03 శాతం అణువులు గొలుసుల్లోకి వెళ్తాయి. రెండోదానిలో 90.003 శాతం. యూవీ కొలిచేది ఈ శాతాన్నే. ఆ తేడాను పట్టగల స్పెక్ట్రోమీటర్ మీ ల్యాబ్‌లో లేదు, నాకు తెలిసిన ఏ ల్యాబ్‌లోనూ లేదు. పొడవుల సంగతి చూడండి. మొదటిదానిలో గొలుసుకు సగటున సుమారు 300 అణువులు, రెండోదానిలో 3,000. పదిరెట్ల తేడా గ్రాఫులో ఎక్కడా కనిపించదు.

కాబట్టి సిగ్మా ఒక హద్దు దాటి చిన్నదైతే, మీ ఫిట్ చెప్పగలిగింది ‘ఇంతకన్నా చిన్నది’ అని మాత్రమే. అలాగే రాయండి. పొడవు కావాలంటే పొడవును కొలిచే పనిముట్టు పట్టుకోండి. కాంతి లేదా ఎక్స్-రే చెదరడం, స్నిగ్ధత, మైక్రోస్కోపు, ఏదైనా సరే. అదే గాఢత దగ్గర ఐసోడెస్మిక్ అణువైతే, సంయోగ స్థిరాంకాన్ని గాఢతతో గుణిస్తే పది వచ్చే చోట, గొలుసు సగటు పొడవు నాలుగు అణువులు కూడా ఉండదు. పదివేలు వచ్చేదాకా పెంచినా వంద అణువులే. ‘పాలిమర్’ అని పేరు పెట్టేముందు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

గాఢతను వంద రెట్లు మార్చండి, వృథా అన్నా సరే

రెట్టింపు, మూడింతలు మార్చి ‘గాఢత ప్రభావం చూశాం’ అనడం చూస్తుంటాం. ఐసోడెస్మిక్ అణువు పదిశాతం కలయిక నుంచి తొంభై శాతం దాకా వెళ్లాలంటే గాఢత సుమారు 120 రెట్లు పెరగాలి. గట్టి కోఆపరేటివ్ అణువుకు అదే ప్రయాణం తొమ్మిది రెట్లలో అయిపోతుంది. ఈ రెండింటినీ విడదీసి చూపే అతి తేలిక పరీక్ష ఇదే. మూడింతల కిటికీలోంచి చూస్తే రెండు మోడళ్లూ ఒక్కలాగే ఉంటాయి, మీకు నచ్చినదాన్ని ఎంచుకుంటారు.

దీనికి ఒక సెంటీమీటరు క్యువెట్ ఒక్కటే సరిపోదు. పలచని ద్రావణానికి పది సెంటీమీటర్ల సెల్, చిక్కనిదానికి ఒక మిల్లీమీటరు సెల్ కావాలి. మరీ పలచన చేసినప్పుడు అణువులు క్వార్ట్జ్ గోడలకే అంటుకుపోతాయి, మిగిలినవాటిని చూసి కలయిక తగ్గిందని పొరబడతారు. ఆ సెల్‌ను ఖాళీచేసి, మంచి ద్రావణితో కడిగి, కడిగిన ఆ ద్రావణికి కూడా స్పెక్ట్రమ్ తీయండి. అందులో ఏమైనా కనిపిస్తే ఆ గాఢతను పట్టికలోంచి తీసేయాలి. ఇంకొకటి, మిథైల్‌సైక్లోహెక్సేన్ లాంటి ద్రావణులు డిగ్రీకి సుమారు వెయ్యోవంతు వ్యాకోచిస్తాయి. అరవై డిగ్రీలు వేడెక్కేసరికి మీ గాఢత ఆరు శాతం తగ్గి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి మీరు చెప్పకపోతే తెలియదు.

చక్కగా కట్టిన పాలిమర్‌ను ముందు చెడగొట్టండి

కట్టిన గొలుసుల్ని పూర్తిగా విప్పేదాకా వేడిచేయండి. అప్పుడు నెమ్మదిగా చల్లార్చండి. మళ్లీ అదే వేగంతో వేడిచేయండి. రెండు దారులూ ఒకదానిమీద ఒకటి పడితేనే మీరు సమతాస్థితిలో ఉన్నారు. పడకపోతే ఆ గ్రాఫుకు సమతాస్థితి మోడల్ వేయడం చట్టవిరుద్ధమంటాను, ఫిట్ ఎంత ముద్దొచ్చినా సరే. వేగాన్ని నిమిషానికో డిగ్రీ నుంచి పావు డిగ్రీకి తగ్గించి చూడండి. వంపు కదిలితే మీరు కొలుస్తున్నది శక్తిని కాదు, ఓపికను.

ఎందుకింత పట్టు అంటే, ఐండ్‌హోవెన్‌లో కోరెవార్, డి గ్రీఫ్, మైయర్ తదితరులు 2012లో నేచర్ పత్రికలో ఓపీవీ అనే వర్ణక అణువు మీద రాసింది చదవండి. ఆ అణువు చల్లారేటప్పుడు ముందు ఒక వైపు మెలికతో గొలుసు కడుతుంది. అది తాత్కాలికం. నిజంగా స్థిరమైనది అవతలి వైపు మెలిక తిరిగింది, అది ఆలస్యంగా వస్తుంది. తాత్కాలిక గొలుసు దారిలో ఒక మెట్టు కూడా కాదు, పక్కదారి. అణువులన్నీ అందులో చిక్కుకుంటాయి. గాఢత పెంచితే స్థిరమైన రూపం త్వరగా రావాలని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ పెంచేకొద్దీ ఆలస్యమైంది, ఎక్కువ అణువులు పక్కదారిలో ఇరుక్కున్నాయి కనుక. పరుగెత్తి చల్లార్చినవాళ్లు ఇలాంటి తాత్కాలిక గొలుసును పట్టుకుని, దానికే ఎంథాల్పీ లెక్కకట్టి, ఇదే అణువు స్వభావం అని అచ్చువేస్తే అది ఇంకెన్నేళ్లు తిరుగుతుందో!

పక్కదారి ఎప్పుడూ చెడ్డదే అని కాదు. జపాన్‌లోని సుకుబాలో 2014లో ఓగి, సుగియాసు బృందం పార్ఫిరిన్ అణువుల్ని అలాంటి తాత్కాలిక గుంపుల్లో ఆపి, బీజాలు వేసి, కోరినంత పొడవు గొలుసులు పెంచింది. మనకు దగ్గర్లో బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లో సుబి జార్జ్ బృందం ఈ దారిలోనే చాలా పనిచేసింది. వాళ్లు దీన్ని సాధించింది పక్కదారి ఉందని ముందు ఒప్పుకుని.

ఇంకో చిన్న సంగతి. మిషన్ తెర మీద కనిపించే ఉష్ణోగ్రత క్యువెట్‌ను పట్టుకునే దిమ్మెది, క్యువెట్ లోపలి ద్రావణానిది కాదు. సన్నని థర్మోకపుల్‌ను మూతలోంచి ద్రావణంలోకి దించి ఒకసారైనా పోల్చండి. రెండింటికీ తేడా ఉండటం మామూలే. ఆ తేడా చల్లార్చేటప్పుడు ఒక వైపు, వేడిచేసేటప్పుడు ఇంకో వైపు ఉంటుంది, అచ్చం నిజమైన హిస్టరిసిస్‌లా కనిపిస్తుంది.

ద్రావణిలో నీళ్లు ఉండనివ్వండి

ఉండనిచ్చి కొలవండి. ‘డ్రై’ అని సీసా మీద రాసి ఉంటే నమ్మి మరిచిపోవడమే అసలు ప్రమాదం.

లెక్క వేస్తే ఒళ్లు జలదరిస్తుంది. మిథైల్‌సైక్లోహెక్సేన్ లీటరు 770 గ్రాములు తూగుతుంది. బరువులో పది లక్షల్లో ఒక్క భాగం నీరుందంటే లీటరులో 0.77 మిల్లీగ్రాములు. నీటి అణుభారం 18తో భాగిస్తే 43 మైక్రోమోలార్. మనం యూవీలో పెట్టే మోనోమర్ గాఢత సాధారణంగా పది నుంచి యాభై మైక్రోమోలార్. అంటే ఎంతో శ్రద్ధగా ఆరబెట్టిన ద్రావణిలోనూ ఒక్కో మోనోమర్‌కు ఒక నీటి అణువు పక్కనే తిరుగుతోంది. ఆ నీటి అణువు నూనెలాంటి ఈ ద్రావణిలో ఒంటరిది. దానికి హైడ్రోజన్ బంధం కలుపుకోవడానికి తోటి నీరు లేదు. మన గొలుసులోని అమైడ్ గుంపు కనిపించగానే పట్టుకుంటుంది. 2018లో వాన్ జీ, మైయర్ బృందం నేచర్‌లో చూపింది ఇదే. నూనెలో కరిగిన రవ్వంత నీటికి ఉన్న ఆ దాగిన ఎంథాల్పీ, చల్లారేటప్పుడు గొలుసు నిర్మాణాన్నే మార్చేసింది. అప్పటిదాకా అర్థంకాని వంపులుగా వదిలేసిన గ్రాఫులకు అర్థం దొరికింది.

ముందు చెప్పిన నాలుగు బంధాల జతనే తీసుకోండి. క్లోరోఫామ్‌ను నీటితో సంతృప్తం చేస్తే దాని స్థిరాంకం 6 కోట్ల నుంచి కోటికి దిగింది. టోలీన్‌లోకి మారిస్తే 60 కోట్లు. ద్రావణి అనేది అణువులు ఈదే ఖాళీ చెరువు కాదు, లెక్కలో పాల్గొనే మనిషి.

విశాఖలో ఆగస్టులో తీసిన గ్రాఫూ, హైదరాబాదులో ఏప్రిల్ ఎండల్లో తీసిన గ్రాఫూ ఒకేలా రాకపోతే విద్యార్థిని తిట్టకండి. ఆ రోజు గది తేమ ఎంతో, ద్రావణిని కార్ల్ ఫిషర్ టైట్రేషన్ చేస్తే నీరు ఎంత వచ్చిందో ప్రతి గ్రాఫు పక్కన రాయించండి. అప్పుడప్పుడూ కావాలనే ఒక సీసాను తేమగాలిలో ఉంచి, ఇంకొకదాన్ని మాలిక్యులర్ సీవ్‌ల మీద ఉంచి, రెండింటినీ పక్కపక్కన కొలవండి. వంపు కదలకపోతే మీ అణువుకు నీటితో పనిలేదని ధైర్యంగా రాయొచ్చు. కదిలితే మోడల్‌లో నీటికీ ఒక సమతాస్థితి రాయాల్సిందే.

పలచన చేస్తే విడిపోతాయనీ, చల్లబరిస్తే కలుస్తాయనీ అనుకోకండి

ఒకే రకం అణువు, ఒకే బంధం ఉన్నప్పుడు ఆ రెండూ నిజమే. రెండు సమతాస్థితులు పోటీపడితే కావు. 2022లో సైన్స్ పత్రికలో లు సు, మైయర్ బృందం చూపిన ద్రావణం చూడండి. గొలుసుకట్టే అణువు, దాంతోపాటు సబ్బులాంటి ఒక సర్ఫాక్టెంట్. మొదట జెల్. నీళ్లు పోస్తే పల్చబడి ద్రవం. ఇంకా నీళ్లు పోస్తే మళ్లీ జెల్! ఇంకా పోస్తే మళ్లీ ద్రవం. నీళ్లు పోసేకొద్దీ సర్ఫాక్టెంట్‌కూ గొలుసుకూ మధ్య పోటీలో పైచేయి మారుతూ వచ్చింది. రెండు అణువులకూ సమతాస్థితులు పక్కపక్కన రాసుకుంటే కాగితం మీదే ఇది తేలుతుంది. ఒక్కో అణువును విడిగా మోడల్ చేసేవాళ్లకు మాత్రం ఎప్పటికీ కనిపించదు.

ఉష్ణోగ్రత విషయానికొస్తే మన ఏజెన్సీ ప్రాంతాల్లో బాధపెడుతున్న సికిల్ సెల్ జబ్బును మించిన ఉదాహరణ లేదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ, పాడేరు వైపు కొండల్లోనూ ఈ జబ్బుతో పుట్టే పిల్లలున్నారు. హిమోగ్లోబిన్ అణువులో మార్పే ఈ జబ్బుకు మూలమని లైనస్ పాలింగ్ బృందం 1949లో చూపింది. ఆక్సిజన్ వదిలేసిన ఆ హిమోగ్లోబిన్, ఎర్రకణం లోపల గొలుసులు గొలుసులుగా పేర్చుకుని పోగులవుతుంది. అసలుసిసలు సూప్రామాలిక్యులర్ పాలిమర్ అది. ఆ పోగుల్ని మంచులో పెడితే కరుగుతాయి, ఒంటి వేడికి తెస్తే కడతాయి. కలయికకు దన్ను ఎంట్రోపీ నుంచి వస్తోంది, నీటి నుంచి ముఖం తిప్పుకున్న భాగాలు దగ్గరవుతున్నాయి. చల్లబరిస్తేనే కలుస్తాయని మోడల్‌లో ముందే బిగించేసినవాళ్లకు ఈ వ్యవస్థ అర్థం కాదు.

ఇందులో ఇంకా విలువైనది ఆలస్యం. 1974లో హాఫ్‌రిక్టర్, రాస్, ఈటన్ చూపిన ప్రకారం పోగు కట్టడానికి ముందు పట్టే సమయం గాఢత మీద సుమారు ముప్పయ్యో ఘాతంతో మారుతుంది. గాఢత అయిదు శాతం తగ్గితే ఆలస్యం నాలుగున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఆలస్యంలోనే ఎర్రకణం సన్నని రక్తనాళాన్ని దాటి ఊపిరితిత్తుల వైపు వెళ్లిపోగలిగితే పిల్లవాడికి నొప్పి రాదు. ఈ పిల్లలు ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలని డాక్టర్లు పట్టుబట్టడం వెనక ఉన్నది ఈ ఘాతమే. హైడ్రాక్సీయూరియా మందు పిండ హిమోగ్లోబిన్‌ను పెంచి మేలు చేయడంలోనూ పెద్ద పాత్ర ఈ ఘాతానిదే. కీలక గాఢత, బీజం, సాగడం అన్న మన మాటలన్నీ అక్కడ ఒక బిడ్డ ఒంట్లో జరుగుతున్నాయి. థర్మోడైనమిక్స్ పొడి సబ్జెక్టు అనేవాళ్లను ఆ వార్డుకు తీసుకెళ్లాలనిపిస్తుంది.

యూనిట్లు రాయకుండా ఎంట్రోపీ అంకె రాయకండి

ఇది చిన్నదే, చాలామంది వదిలేస్తారు. నీటిలో గాఢతను లీటరుకు మోల్‌లలో రాసి లెక్కకట్టిన ఎంట్రోపీకీ, మోల్ భాగాల్లో లెక్కకట్టినదానికీ కెల్విన్‌కు 33 జౌళ్ల తేడా ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర అది ఫ్రీ ఎనర్జీలో పది కిలోజౌళ్లు. అణువు అదే, ప్రయోగం అదే. రెండు ల్యాబ్‌ల అంకెల్ని పోల్చి ‘మా అణువు బలమైనది’ అనేముందు ఇద్దరూ ఒకే ప్రమాణ స్థితి వాడారా అని చూడండి.

రిపీట్ కాని రీడింగును దాచుకోండి

పారేయకండి. ఆ సీసా మీద చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి. ద్రావణి సీసా బ్యాచ్ నంబరు, ఎప్పుడు మూత తీశారో, ఎన్నిసార్లు వేడిచేశారో రాసిపెట్టండి. తప్పుగా వచ్చిందనుకున్న వంపుల్లో కొన్ని నీటివి, కొన్ని పక్కదారి గొలుసులవి, కొన్ని కాలమ్‌లో పూర్తిగా తొలగని మలినానివి. మలినం ఒక శాతమే అయినా గొలుసు చివర్లకు టోపీలా కూర్చుంటే పొడవును అమాంతం కోసేస్తుంది. వంద అణువులకొక టోపీ ఉన్నచోట మూడువేల అణువుల గొలుసు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు మీరు సిగ్మాను తప్పుపట్టి, మోడల్‌ను మార్చి, ఇంకో ప్యారామీటర్ తగిలించి వారాలు గడుపుతారు. శుద్ధి మళ్లీ చేసి, అదే ప్రయోగం తిరగెయ్యడం ఒక రోజు పని.

ప్యారామీటర్ తగిలించడం గురించి కూడా చెప్పాలి. వంపు కుదరకపోతే వెంటనే ఇంకో స్థిరాంకం చేర్చకండి. చేర్చిన ప్రతి స్థిరాంకానికీ దాన్ని ఒంటరిగా చూపగల ఒక ప్రయోగం పేరు మీరు చెప్పగలగాలి. డైమర్ కోసం చేర్చారా, డైమర్ కనిపించే స్పెక్ట్రమ్ ఏది? నీటి కోసమా, నీరు మార్చితే కదిలే వంపు ఏది? చెప్పలేకపోతే దాన్ని తీసేసి, కుదరని గ్రాఫునే కుదరనట్టు వేయండి. కుదరనిచోట బాణం గుర్తు పెట్టి, ‘ఈ పదిహేను డిగ్రీల మధ్య మోడల్ పనిచేయడం లేదు’ అని బొమ్మ కిందే రాయండి. పరీక్షకులు ముందు అడిగేది ఆ బాణం గురించే, వైవాలో మీరు ఎక్కువసేపు మాట్లాడాల్సిందీ దాని గురించే.